రెండు ప్రభుత్వాల ఆనకట్టకు కంకిపాడు ఇంజనీరు

కంకిపాడు: కృష్ణా కాలువల కింద నారు పోసే ప్రతి రైతూ తలచుకోవలసిన పేరు డాక్టర్ కె.ఎల్.రావు. పూర్తి పేరు కానూరి లక్ష్మణరావు. 1902 జులై 15న ఈ కంకిపాడులోనే పుట్టారు. చిన్నతనంలోనే ఒక కంటి చూపు పోయింది. అయినా చదువు మానలేదు. మద్రాసులో ఇంజనీరింగు చదివి, బర్మింగ్‌హాం వెళ్లి 1939లో డాక్టరేటు పుచ్చుకున్నారు.

స్వాతంత్ర్యం వచ్చాక కేంద్ర జల, విద్యుత్ కమిషన్‌లో చేరారు. ఆ రోజుల్లో కృష్ణకు ఇటు ఒడ్డు మద్రాసు రాష్ట్రం, అటు ఒడ్డు హైదరాబాదు రాష్ట్రం. కృష్ణను పెన్నకు కలిపి దక్షిణాదికి తీసుకుపోవాలని మద్రాసు వారు, నందికొండ దగ్గర ఆనకట్ట కట్టాలని హైదరాబాదు వారు ఎవరి పథకం వారు వేసుకున్నారు. 1952లో ఖోస్లా కమిటీ వచ్చి నందికొండే మేలని తేల్చింది. ఇందుకోసం ముక్త్యాల రాజా పడిన పాట్లు వేరే చెప్పుకోవలసిన కథ. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసేనాటికి కూడా ఆంధ్ర, హైదరాబాదు వేర్వేరు ప్రభుత్వాలే. ఏడాది తిరక్కుండా రెండూ ఒకటయ్యాయి గాని, కలిసి కట్టుకుందామన్న మాట అంతకుముందే కుదిరింది.

సాగర్‌ను కాంక్రీటుతో కాక రాతితో కట్టాలని పట్టుబట్టిన వారిలో లక్ష్మణరావు గారు ముఖ్యులు. అప్పట్లో సిమెంటుకు కరువు. రాయి మన కొండల్లోనే ఉంది, కూలీలు మన ఊళ్లలోనే ఉన్నారు. వేల కుటుంబాలకు ఏళ్ల తరబడి పని దొరికింది.

1962లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. మరుసటి ఏడు కేంద్ర మంత్రి అయ్యి పదేళ్లపాటు నీటిపారుదల, విద్యుత్తు చూశారు. ఇరకాటం ఇక్కడే వచ్చింది. కృష్ణ నీటికి మహారాష్ట్ర, మైసూరు, ఆంధ్రప్రదేశ్ తగవు పడుతుంటే, తీర్చవలసిన మంత్రి ఆంధ్రుడాయె! ఏం చేసినా ఎగువవారికి అనుమానం, చేయకపోతే మనవారికి కోపం. 1969లో తగవు బచావత్ ట్రిబ్యునల్‌కు వెళ్లింది. 1976లో తీర్పు ఖరారయ్యేసరికి మనకు 800 టీఎంసీలు, కర్ణాటకకు 700, మహారాష్ట్రకు 560 దక్కాయి.

గంగను పాట్నా దగ్గర ఎత్తిపోసి 2,640 కిలోమీటర్ల దూరాన కావేరికి కలపాలన్న పథకం కూడా ఆయనదే, 1972లో. ఖర్చు ఎక్కువన్నారు, పక్కన పెట్టారు. డబ్బు సంగతి అలా ఉంచి, అన్ని రాష్ట్రాలను ఒక మాట మీదికి తేవడం ఎవరి తరం?

1986 మే 18న ఆయన కన్నుమూశారు. 2013లో ప్రారంభమైన పులిచింతల జలాశయానికి ఆయన పేరు పెట్టారు. దాని నీరు మన డెల్టాకు, ముంపు అప్పటి నల్గొండ జిల్లా పల్లెలకు కూడా. 2014 నుంచి ఆ పల్లెలు తెలంగాణవి. సాగర్ నీటి పంపకం మళ్లీ రెండు ప్రభుత్వాల మధ్య మాటయింది, కృష్ణా యాజమాన్య బోర్డు ముందు కూర్చుని తేల్చుకుంటున్నారు.