యంత్రానికి ప్రాణధార పోసిన మేధావి – ఎలైజా మెకాయ్

ఇరుసుకు కందెన లేని బండి, ఎంత బలమైన ఎడ్లను కట్టినా సాగదు. బండి తోలే ప్రతి రైతుకూ తెలిసిన ఈ సత్యం రైలింజనుకైనా, మోటారు కారుకైనా ఒక్కటే. లోహం లోహంతో ఒరిసినచోట వేడి పుడుతుంది; వేడి వలన భాగాలు అరిగి, తుదకు ఒకదానినొకటి పట్టుకొని కదలక నిలిచిపోతాయి. కంటికి కానరాని పలుచని నూనె పొరయే ఈ వినాశాన్ని ఆపుతున్నది. ఆ నూనెను అందించే మార్గాన్ని అన్వేషించుటలో జీవితాన్ని ధారపోసిన మహనీయుడు ఎలైజా మెకాయ్.

మెకాయ్ 1844లో కెనడా దేశంలో, నేటి ఒంటారియో రాష్ట్రానికి చెందిన కోల్చెస్టర్‌లో జన్మించారు. తల్లిదండ్రులు అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో బానిసలుగా ఉండి, ప్రాణాలకు తెగించి తప్పించుకొని వచ్చిన నీగ్రో జాతివారు. అక్షరం నేర్చుటయే నేరమన్నంతగా అణగద్రొక్కబడిన జీవితం నుండి వచ్చిన ఆ దంపతులు తమ కుమారునికి విద్యను మించిన ఆస్తి లేదని గ్రహించారు. పదిహేనేళ్ల ప్రాయంలోనే ఆయనను సముద్రాలు దాటించి స్కాట్లండులోని ఎడిన్‌బరో నగరానికి పంపారు. అక్కడ ఆయన యంత్రశాస్త్రంలో శిక్షణ పొంది, ఇంజనీరుగా అర్హత సంపాదించారు.

అప్పటికి ఆయన కుటుంబం అమెరికాలోని మిషిగన్ రాష్ట్రానికి తరలివచ్చింది. యోగ్యతాపత్రంతో మెకాయ్ అక్కడికి చేరుకొన్నారు. కాని ఆయన చదువును చూడవలసినవారు చర్మపు రంగును చూశారు. ఇంజనీరు ఉద్యోగం లభించలేదు. మిషిగన్ సెంట్రల్ రైల్వేలో దొరికినది బొగ్గు వేసే ఫైర్‌మన్ పని. దానితోబాటు ఇంజను భాగాలకు నూనె పోసే పని. మరొకరైతే ఆ అవమానానికి క్రుంగిపోయి ఉండేవారు. మెకాయ్ మాత్రం చేతిలోని నూనె డబ్బానే తన ప్రయోగశాలగా మలచుకొన్నారు.

నూనె కోసం రైళ్లు తరచు ఆగవలసి వచ్చేది. కాలం వృథా అయ్యేది. సకాలంలో నూనె అందకపోతే భాగాలు చెడేవి. ఇంజను నడుస్తూ ఉండగానే, దాని ఆవిరి ఒత్తిడితోనే కవాటం తెరచుకొని నూనె లోనికి దిగే పాత్రను మెకాయ్ రూపొందించి, 1872లో పేటెంటు పొందారు. అటువంటి సాధనాలు కొన్ని అంతకు ముందే ఉన్నప్పటికీ, దశాబ్దాల తరబడి వానికి మెరుగులు దిద్దుతూ పోవుటలోనే ఆయన ఘనత ఉన్నది. మొత్తం మీద యాభైకి పైగా పేటెంట్లు ఆయనకు లభించాయి. వానిలో అధికభాగం నూనె అందించే సాధనాలకు సంబంధించినవే. పెట్టుబడి లేక పలు హక్కులను ఇతరులకు ఇచ్చివేసిన ఆయన, 1920లో గాని తన పేర సొంత సంస్థను నెలకొల్పలేకపోయారు. 1922 నాటి మోటారు ప్రమాదం ఫలితంగా భార్య మేరీని కోల్పోయి, తాను గాయపడి, 1929లో కన్నుమూశారు.

నడిచే యంత్రం తన నూనెను తానే అందుకోవాలన్న సూత్రం నేటి మోటారు కారులోనూ ఉన్నది. ఇంజను అడుగున నూనె తొట్టి ఉంటుంది. ఇంజను శక్తితోనే తిరిగే ఆయిల్ పంపు, జల్లెడ గుండా ఆ నూనెను పైకి లాగుతుంది. సాధారణంగా పంపులో రెండు పళ్ల చక్రాలు ఉండి, పళ్ల సందులలో నూనెను మోసుకొనిపోయి, ఒత్తిడితో ఫిల్టరులోనికి నెడతాయి. అచ్చట శుభ్రపడిన నూనె సన్నని మార్గాల ద్వారా క్రాంక్ షాఫ్టు బేరింగులకు చేరి, తిరిగి తొట్టిలోనికి జారుతుంది. ఒత్తిడి మితిమీరితే ఒక కవాటం తెరచుకొని అదనపు నూనెను వెనుకకు మళ్లిస్తుంది.

పంపు చెడుటకు ముఖ్య కారణం మన అశ్రద్ధయే. మురికి నూనె జల్లెడను మూస్తుంది, చక్రాలను అరగదీస్తుంది. కావున బండిని సమతలంలో నిలిపి, ఇంజను ఆపిన కొద్ది నిమిషాల తరువాత కొలపుల్లతో నూనె మట్టాన్ని తరచు చూడవలెను. తయారీదారు సూచించిన దూరంగాని, కాలంగాని, ఏది ముందు వస్తే అప్పుడు నూనెను, ఫిల్టరును మార్చవలెను. ప్రయాణంలో నూనె హెచ్చరిక దీపం వెలిగితే తక్షణమే బండిని పక్కకు తీసి ఇంజనును ఆపవలెను. మట్టం సరిగా ఉన్నప్పటికీ దీపం ఆరనిచో, మెకానిక్ మీటరుతో ఒత్తిడిని కొలిచి చూచువరకు నడుపరాదు. లోపం పంపులో కావచ్చు, అరిగిన బేరింగులలో కావచ్చు, దీపపు స్విచ్చిలోనే కావచ్చు. ఇంజనును పూర్తిగా విప్పినప్పుడు పంపు అరుగుదలను కూడ కొలిపించుట మంచిది.

మెకాయ్‌కు గౌరవం ఆలస్యంగా దక్కినది. 2012లో డెట్రాయిట్ నగరంలో ప్రారంభమైన అమెరికా పేటెంటు ప్రాంతీయ కార్యాలయానికి ఆయన పేరు పెట్టారు. ఒకనాడు ఇంజనీరు పదవికి తగడని త్రోసివేయబడిన వ్యక్తి పేరు, నూతన కల్పనలను పరీక్షించే భవనానికే అలంకారమైనది.

విద్యార్థి మిత్రులారా! అర్హతకు తగిన ఉద్యోగం లభించక నిరాశ చెందే యువకులు మనలో ఎందరో ఉన్నారు. మెకాయ్‌కు జరిగినది అన్యాయమే. దానిని అన్యాయమనే చెప్పవలెను. అయినను, ఇతరులు అల్పమని ఎంచి అప్పగించిన పనిలోనే ఆయన తన విద్యకు తావు చూచుకొన్నారు. అవకాశపు తలుపు మూసినవారు ఆయన చేతిలోని విద్యను మాత్రం తీసుకొనలేకపోయారు.