జెర్డను దొర – కలివికోడి

పక్షులలో కొన్ని నీటి యొడ్డున తిరుగు కుటుంబములకు చెందియు, నీరులేని మెట్ట నేలలపై జీవించును. అట్టి వానిలో మిక్కిలి అరుదైనది మన కలివికోడి. లోకమున దానికి జెర్డను పేరు నిలిచినది. ఆ జెర్డను ఎవరు?

థామస్ కావర్‌హిల్ జెర్డను 1811వ సంవత్సరము అక్టోబరు 12న ఇంగ్లండులోని డర్హాము మండలమున జన్మించెను. ఎడింబరోలో వైద్యవిద్య నభ్యసించి, ఈస్టిండియా కంపెనీ కొలువున 1836లో చెన్నపట్టణము చేరెను. మొదట గంజాములో జ్వరపీడితులైన సిపాయిలకు చికిత్స చేసెను. పిదప తిరుచిరాపల్లి, నెల్లూరు, తలచేరిలలో పనిచేసెను. చికిత్స ఆయన వృత్తి. పక్షుల పరిశీలన ఆయన ప్రాణము.

తొలుత తాను సేకరించిన పక్షులను గుర్తింపునకై స్కాట్లండులోని ఒక పండితునికి పంపగా, అవి చేరునప్పటికి చిమ్మట పట్టి చెడిపోయెను. శ్రమ వ్యర్థమైనను ఆయన క్రుంగలేదు. అది మొదలు స్వయముగానే గుర్తింప నారంభించెను.

నెల్లూరిలో ఆయనకు యానాదులు గురువులైరి. అడవిలోని చెట్టుచేమల గుణములు, మృగపక్షుల నడవడులు వారినుండి తెలిసికొనెను. ఏబది చిత్రములతో 1843–47 సంవత్సరముల నడుమ వెలువరించిన గ్రంథమునకు భారతీయ చిత్రకారులు బొమ్మలు వ్రాసిరి. 1862–64లో వెలువడిన భారతదేశ పక్షుల గ్రంథమున వేయికి పైగా జాతులను వర్ణించి, పెక్కింటికి తెలుగు మొదలైన దేశభాషల పేర్లనుగూడ చేర్చెను. 1872 జూన్ 12న లండను సమీపమున కన్నుమూసెను.

కలివికోడిని ఆయన తూర్పు కనుమల ప్రాంతమున కనుగొనగా, 1848లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ వస్తుశాలాధ్యక్షుడు బ్లైతు దానిని శాస్త్రలోకమునకు తెలిపెను. రొమ్మున రెండు పట్టెలు, పొడవైన కాళ్లు గల ఈ పక్షి పగలు పొదల మాటున దాగి, రాత్రి సంచరించును. పెన్నా లోయలోనే గాక, గోదావరీ తీరమున సిరోంచా, భద్రాచలం ప్రాంతములలోను ఒకప్పుడు కానవచ్చెను. 1900 తరువాత మఱి కనబడకపోగా, అంతరించెనని పండితులు తలంచిరి.

1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి సమీపమున స్థానికులకు అది చిక్కెను. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారి అన్వేషణ ఫలించెను. దాని కొఱకే లంకమల అభయారణ్య మేర్పడెను. తెలుగుగంగ కాలువ మార్గమును సైతము మార్చిరి. అయినను పొదలను నఱకుట, పశువుల మేత, గనుల త్రవ్వకము వలన దాని యునికి నేటికిని ప్రమాదమున నున్నది.

విద్యార్థులారా! పల్లెవారు, అడవిబిడ్డలు ఎఱిగిన పేర్లను పరదేశీయుడు శ్రద్ధతో వినినందువలననే అవి గ్రంథస్థమైనవి. గంజాములోను, సిరోంచాలోను, తిరుచిరాపల్లిలోను నివసించు మనకు, మన యింటి పెద్దలకు తెలిసిన పక్షుల పేర్లెన్ని? ఈ సాయంకాలమే వారి నడిగి వ్రాసికొనుడు. పేరు మఱచిన నాడు పక్షి పోయినను తెలియదు.