హార్వే మిల్క్

1978వ సంవత్సరమున కాలిఫోర్నియా రాష్ట్రపు ఉపాధ్యాయులకు పెద్ద గండమొకటి వచ్చి తప్పెను. స్వలింగ ప్రేమికులైన ఉపాధ్యాయులను, వారిని బహిరంగముగా సమర్థించు ఉపాధ్యాయులనుగూడ పాఠశాలల నుండి తొలగింప వీలు కల్పించు ప్రతిపాదనను రాష్ట్ర సెనేటు సభ్యుడు జాన్ బ్రిగ్స్ ప్రజల ఓటుకు తెచ్చెను. దానిని ఎదిరించిన వారిలో హార్వే మిల్క్ ముఖ్యుడు. అతడును ఒకప్పుడు బడిపంతులే.

మిల్క్ 1930 మే 22వ తేదీన న్యూయార్కు చెంత వుడ్‌మియర్‌లో యూదు వర్తక కుటుంబమున జన్మించెను. ఆల్బనీలోని ఉపాధ్యాయ కళాశాలలో గణితము చదివి 1951లో పట్టము పొందెను. నౌకాదళమున పనిచేసి 1955లో విడివడిన పిమ్మట ఉన్నత పాఠశాలలో పాఠములు చెప్పెను; బీమా కంపెనీలో లెక్కలు చూచెను; వాల్ స్ట్రీట్‌లో కొలువు చేసెను. రాజకీయములందు నాడతడు సంప్రదాయవాదియే; 1964లో గోల్డ్‌వాటర్ పక్షమున ప్రచారము చేసినవాడు. తన స్వభావమును దాచికొని బ్రతికిన యేండ్లవి. బయటపడినచో కొలువు పోవుటయే గాక పోలీసుల నిర్బంధమును తప్పని కాలము.

1972లో శాన్‌ఫ్రాన్సిస్కో చేరి, మరుసటి యేడు కాస్ట్రో వీధిలో కెమెరాల దుకాణము తెరచెను. వ్యాపారము అంతంతమాత్రము, అచట అసలు సరకు రాజకీయమే. 1973లోను, 1975లోను నగర పాలక మండలికి పోటీచేసి ఓడెను. 1976లో రాష్ట్ర శాసనసభకు నిలిచి మరల ఓడెను. అయినను ఈ ఓటముల నడుమనే అతనికి బలము చేకూరెను. తన పేటలోని పానశాలలలో కూర్స్ బీరు అమ్మకములను ఆపించి టీమ్‌స్టర్ల కార్మిక సంఘమునకు తోడ్పడగా, కార్మికులు అతని పక్షము వహించిరి. నగరమంతటికి ఒక్కటిగా జరుగు ఎన్నికలు పేటలవారీగా మారుటయు కలిసివచ్చెను. 1977 నవంబరులో గెలిచెను. తన స్వభావమును దాచక ఎన్నికైనవారు అమెరికాలో అంతకు ముందు లేకపోలేదు. కాలిఫోర్నియాలో మాత్రము అతడే మొదటివాడు.

పదవిలో నున్నది పదకొండు నెలలైనను నిండలేదు. ఉద్యోగములందును, ఇండ్లు అద్దెకిచ్చుటయందును స్వలింగ ప్రేమికులపై వివక్షను నిషేధించు నగరశాసనమును నెగ్గించెను. పెంపుడు కుక్కల మలమును యజమానులే వీధినుండి ఎత్తవలెనను శాసనమును తెచ్చెను. నాడు ఊరివారి నోట ఎక్కువగా నానినది ఈ రెండవదే యనవచ్చును!

బ్రిగ్స్ ప్రతిపాదనపై సాలీ గేర్‌హార్ట్ అను ఆచార్యురాలితో కలిసి మిల్క్ వాదములు సలిపెను. స్వలింగ ప్రేమికులు తమ తల్లిదండ్రులకు, ఇరుగుపొరుగులకు తామెవరో తెలుపవలెనని కోరెను. ఎరిగిన మనిషికి వ్యతిరేకముగా ఓటు వేయుట కష్టమని అతని లెక్క. మాజీ గవర్నరు రీగన్ సైతము ప్రతిపాదనను ఖండించెను. మార్కులు రాని విద్యార్థి పగబట్టి నింద మోపినచో ఏ ఉపాధ్యాయునికైనను దిక్కులేదని ఆయన భయము. నవంబరు 7న అది పది లక్షలకు పైబడిన ఓట్ల తేడాతో వీగిపోయెను.

ఇరువది దినములకే, మండలి సభ్యత్వమునకు రాజీనామా యిచ్చి తిరిగి కోరిన డాన్ వైట్, నగర భవనపు కిటికీగుండ తుపాకితో లోనికి దూరి, మొదట మేయరు మాస్కోనీని, పిదప మిల్క్‌ను కాల్చి చంపెను. మిల్క్‌కు నలువదియెనిమిదేండ్లు. తనకిట్టి చావు రావచ్చునని తలచి ఏడాది ముందే తన మాటలను టేపులో పలికి యుంచినాడు. ఆ రాత్రి వేలాది జనులు క్రొవ్వొత్తులతో కాస్ట్రో వీధినుండి నగర భవనము వరకు నడచిరి.

1979 మే 21న జ్యూరీ దానిని హత్యగా ఎంచలేదు. తక్కువ నేరముగా తేల్చుటచే వైట్‌కు ఏడేండ్ల ఎనిమిది మాసముల శిక్షయే పడెను. ఆ రాత్రి నగర భవనపు అద్దములు పగిలినవి, పోలీసు కార్లు తగులబడినవి. మరునాడు మిల్క్ జన్మదినము. కాస్ట్రో వీధిలో ముందే తలపెట్టిన ఉత్సవమునకు వేలమంది వచ్చిరి. అది శాంతముగా జరిగెను.