ఎస్తర్ బోసెరప్

ఎస్తర్ బోసెరప్ 1910 మే 18న డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో జన్మించారు. రెండేళ్ళ ప్రాయంలోనే తండ్రిని కోల్పోయారు. 1935లో అర్థశాస్త్ర విద్య ముగించి కొంతకాలం స్వదేశ ప్రభుత్వంలోను, 1947 నుండి జెనీవాలో ఐక్యరాజ్యసమితిలోను పనిచేశారు.

ఆమె ఆలోచనను మలుపు తిప్పిన దేశం మనదే. గున్నార్ మిర్డాల్ ఆసియా దేశాలపై చేపట్టిన పరిశోధన నిమిత్తం, భర్త మోగెన్స్‌తో కలసి 1957 నుండి 1960 వరకు ఆమె భారతదేశంలో నివసించారు. జనాభా ఆహారోత్పత్తిని మించి పెరుగుతుందని 1798లో మాల్థస్ చెప్పిన సిద్ధాంతం నాటి పండితులలో అనేకులకు శిరోధార్యం. ఇక్కడి పొలాలను పరిశీలించిన బోసెరప్‌కు అది తలకిందుల వాదమనిపించింది. జనాభా ఒత్తిడే సేద్యపు తీరును మారుస్తుందని 1965లో వెలువరించిన గ్రంథంలో ప్రతిపాదించారు.

ఉష్ణమండలంలో జనం పలుచగా ఉన్నచోట అడవిని నరికి, కాల్చి, ఆ బూడిదలో విత్తుతారు. మన తూర్పు కనుమల పోడు ఇటువంటిదే. ఒకటి రెండేళ్ళు పండించి, ఇరవై ఏళ్ళకు పైగా ఆ నేలను అడవికి విడిచిపెడతారు. తినే నోళ్ళు పెరిగినకొద్దీ ఆ విరామం ఆరు నుండి పది ఏళ్ళకు, పిమ్మట ఒకటి రెండేళ్ళకు కుదించుకుపోతుంది. చెట్లు పెరిగే వ్యవధి లేక పొదలు, చివరకు గడ్డి మాత్రమే మిగులుతాయి. బూడిద నేలలో గుంత పొడిచే కర్ర చాలు. పొదల నేలకు పార కావాలి. గడ్డివేళ్ళు అల్లుకున్న నేలకు నాగలి తప్పదు. అటుపైన పశువుల ఎరువు, కాలువ నీరు, కలుపుతీత. సార్వా వెంటనే దాళ్వాకు నారు పోసే గోదావరి డెల్టా రైతు ఈ వరుసలో చివరి మెట్టు మీద ఉన్నాడు.

అయితే ఆమె దీనిని శుభవార్తగా చాటలేదు. ఎకరా దిగుబడి పెరిగినా, గంట శ్రమకు దక్కే ఫలం తరుగుతుంది. తక్కువ పాటుతో తిండి దొరుకుతుండగా పోడు రైతు నాగలిని కాదనడం లెక్క తెలిసిన వివేకమే. కొండవాసులను సోమరులని ఈసడించే వారికి ఇది మింగుడుపడని మాట. జనాభా మరీ వేగంగా పెరిగితే కొత్త పద్ధతులు అలవడేలోగా నేల నిస్సారమయ్యే ప్రమాదాన్నీ ఆమె గుర్తించారు.

ఆ అదనపు శ్రమ ఎవరిపై పడుతున్నది? 1970 నాటి మరో గ్రంథం ఈ ప్రశ్నకు సమాధానం. ఆఫ్రికాలో పార పట్టిన సేద్యం చాలావరకు స్త్రీలదే. వలస పాలకులు నాగలిని, వాణిజ్య పంటలను పురుషులకే నేర్పారు. స్త్రీ పాత పారతోనే మిగిలిపోయింది.

విశ్వవిద్యాలయంలో ఏనాడూ ఆచార్య పదవి చేపట్టని బోసెరప్ 1999 సెప్టెంబరు 24న కన్నుమూశారు.