అక్షరాన్ని చదివే యంత్రం: అలన్ ట్యూరింగ్

పార్వతీపురం, విశాఖపట్నం, అనంతపురం, బెజవాడ, శ్రీకాకుళం, కర్నూలు - ఈ పేర్లు మన విద్యార్థులకు సుపరిచితాలు. ఇవన్నీ జూలియస్ ట్యూరింగ్ అనే సివిల్ సర్వీసు అధికారి మద్రాసు రాజధానిలో ఉద్యోగరీత్యా తిరిగిన ఊళ్లు. 1911లో ఆయన గంజాం జిల్లాలోని ఛత్రపురం చేరారు. ఆ దంపతుల రెండవ కుమారుడు 1912 జూన్ 23న లండను నగరంలో జన్మించాడు. అతడే అలన్ ట్యూరింగ్. తల్లిదండ్రులు కుమారులిద్దరినీ ఇంగ్లండు సముద్రతీరాన ఒక విశ్రాంత సైనికాధికారి ఇంట ఉంచి, తాము తిరిగి ఓడ ఎక్కారు. తండ్రి జీతం తెలుగు జిల్లాలది. కుమారుడు మాత్రం ఆ నేలను చూడనే లేదు.

ఆ బాలుడు దాదాపు మూడు వారాలలో చదవడం తనంత తానే నేర్చుకున్నాడని జీవితచరిత్రకారులు వ్రాశారు. అక్షరాల కంటె అంకెలు ఇంకా త్వరగా పట్టుబడ్డాయి. వీధిలో ప్రతి దీపస్తంభం వద్దా ఆగి, దానిపై గల క్రమసంఖ్య చదివితే గాని కదిలేవాడు కాదట. ఇంతగా చదివేవాని చేతివ్రాత మాత్రం షెర్బోర్న్ పాఠశాల ఉపాధ్యాయులకు శిరోభారమైంది. ఇది చదివినపుడు మాకు కొన్ని జవాబు పత్రాలు స్ఫురించాయి. అంతకు మించి చెప్పము.

1931లో ఆయన కేంబ్రిడ్జి కింగ్స్ కళాశాలలో చేరారు. ఆ రోజులలో గణితజ్ఞులను ఒక ప్రశ్న వేధిస్తుండేది. ఏ గణిత ప్రతిపాదననైనా ఇచ్చినచో, అది నిరూపింపదగినదో కాదో తేల్చగల యాంత్రిక పద్ధతి ఏదైనా ఉన్నదా? జర్మనీ పండితుడు హిల్బర్ట్ లేవనెత్తిన ప్రశ్న ఇది. లేదని ట్యూరింగ్ నిరూపించారు. 1936లో ఆ వ్యాసాన్ని పత్రికకు పంపేనాటికి ఆయనకు ఇరవై నాలుగేళ్లు నిండలేదు.

ఆ సమాధానం కంటె దానిని చేరిన దారి మమ్ములను ఎక్కువగా ఆకర్షించింది. యంత్రమంటే ఏమిటో చెప్పడానికి ఆయన కాగితంపై లెక్కలు చేసుకునే మనిషిని గమనించారు. ఆ మనిషి కన్ను ఒక్క చూపులో ఎన్ని గుర్తులను పట్టగలదు? పదిహేను తొమ్మిదుల సంఖ్యను, పదహారు తొమ్మిదుల సంఖ్యను పక్కపక్కన వ్రాసి చూడండి. ఏది పెద్దదో చూపుకు తెలియదు. వ్రేలు పెట్టి ఒక్కొక్క అంకె లెక్కించవలసిందే. కనుక ట్యూరింగ్ తన ఊహాయంత్రానికి గళ్లుగా విభజించిన పొడవైన పట్టీ నిచ్చి, ఒకసారికి ఒక్క గడినే చూడనిచ్చారు. కనబడిన గుర్తు ఏది, తానిప్పుడున్న స్థితి ఏది - ఈ రెంటిని బట్టియే తరువాతి పని. ఇంత పేద యంత్రం, మనిషి నియమబద్ధంగా చేయగల గణన యావత్తూ చేయగలదని ఆయన వాదించారు.

కంప్యూటరు చదువుకునే విద్యార్థులు 'లెక్సర్' అన్న మాట వినియుంటారు. ప్రోగ్రాము పాఠాన్ని అక్షరం వెంట అక్షరం చదివి మాటలుగా విడదీసే భాగమది. తెలుగు చెప్పుకునే మాకు అది పదచ్ఛేదంగా తోచింది. పాఠంలో 25 అనే సంఖ్య ఉన్నదనుకుందాం. 2 చదివినపుడు సంఖ్య ముగిసినదో లేదో లెక్సరుకు తెలియదు. 5 చదివినా తెలియదు. ఆ తరువాత ఖాళీయో, కూడిక గుర్తో కనబడినపుడే సంఖ్య ముగిసిందని తేలుతుంది. కాని ఆ కూడిక గుర్తు తరువాతి మాటకు చెందినది. దానిని పోగొట్టరాదు, చేత పట్టుకొని ఉండవలె. ట్యూరింగ్ యంత్రం పట్టీపై వెనుకకు నడవగలదు, గుర్తులు చెరిపి వ్రాయగలదు. లెక్సరు సామాన్యంగా ముందుకే పోతుంది. అయినను కనబడిన గుర్తు, ఉన్న స్థితి అన్న జంట మాత్రం రెంటికీ ఒకటే.

యుద్ధకాలం కథ లోకవిదితం. 1939 సెప్టెంబరులో బ్లెచ్లీ పార్కు చేరి, పోలెండు గణితజ్ఞులు వేసిన బాటలో ముందుకు సాగి, జర్మను నౌకాదళపు ఎనిగ్మా సంకేతాలను ఛేదించడంలో ఆయన ముఖ్యపాత్ర వహించారు. ఆ శ్రమ చాలా ఏళ్లు రహస్యంగానే ఉండిపోయింది.

1948లో ఆయన మాంచెస్టరు విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడి యంత్రానికి ఆదేశాలు ఐదేసి రంధ్రాల వరుసలు గల కాగితపు పట్టీపై అందేవి. ఐదు రంధ్రాలతో ముప్పది రెండు గుర్తులు వస్తాయి. ట్యూరింగ్ ఆ టెలిప్రింటరు గుర్తులనే అంకెలుగా స్వీకరించారు. సున్నకు ఏటవాలు గీత. మిగిలిన విలువలకు ఒక్కొక్క గుర్తు. పైగా సంఖ్యలో చిన్న స్థానం ముందు, పెద్ద స్థానం వెనుక. ప్రోగ్రాము వ్రాసేవారు ఈ పట్టికను కంఠస్థం చేయవలసి వచ్చేది. కుడి నుండి ఉర్దూ, ఎడమ నుండి తెలుగు చదివే మన విద్యార్థులకు తిరగవ్రాత అంత భయం కలిగించకపోవచ్చు గాని, సహోద్యోగులు చాలా ఇబ్బంది పడ్డారు. ఆయనకది కష్టమనిపించలేదు.

ఈ విషయంలో మేము ఆయన పక్షం వహించలేము. అక్షరాలు చదవడం యంత్రానికి సాధ్యమేనని లోకానికి చూపినవారే, యంత్రపు అక్షరాలు మనిషి నేర్వవలెనన్నారు. అదే మాంచెస్టరులో గ్లెనీ 1952లో, బ్రూకర్ 1954లో 'ఆటోకోడ్'లు నిర్మించి, మనిషి వ్రాతను యంత్రమే చదివి మార్చుకొనే పద్ధతికి దారి తీశారు. ఆ పని నేటికీ పూర్తి కాలేదు. మనం ఒకే అక్షరమనుకొనే 'కి' యూనికోడ్‌లో రెండు సంకేతాలు. ఒక సంకేతమే ఒక అక్షరమని నమ్మిన లెక్సరు మన గుణింతాన్ని నడుమన విరుస్తుంది.

1951లో ఆయన రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. మరుసటి ఏడు మరొక పురుషునితో గల సంబంధాన్ని నాటి బ్రిటిషు చట్టం నేరంగా ఎంచి ఆయనను శిక్షించింది. కారాగారానికి బదులు హార్మోను చికిత్సకు ఆయన అంగీకరించారు. 1954 జూన్ 7న విల్మ్‌స్లో పట్టణంలోని స్వగృహంలో సయనైడు విషం వలన మరణించారు. ఆత్మహత్యయని విచారణాధికారి తీర్పు. ప్రమాదమని తల్లి నమ్మకం. 2009లో బ్రిటిషు ప్రధాని క్షమాపణ చెప్పారు. 2013లో రాచ క్షమాభిక్ష ప్రకటించారు. ఆయనకు జరిగినది చదువుతూ మేము పలుమారులు పుస్తకం మూసివేశాము.

2021లో వెలువడిన ఏబది పౌండ్ల నోటుపై ఆయన చిత్రం ముద్రించారు. పక్కనే సున్నలతో, ఒకట్లతో కూడిన ఒక పట్టీ కలదు. మొత్తం ఇరవై ఐదు గుర్తులు. ఒక్కొక్క గుర్తు వ్రేలు పెట్టి చదివి, దశాంశంలోకి మార్చినచో వచ్చే సంఖ్య 23061912.