గుమ్మం ముందు గుర్రపు బండి

బిడ్డను ఏ కాలేజీలో చేర్చాలా అని మీ ఇంట్లో తర్జనభర్జనలు జరుగుతున్నాయా? అయితే పునీత జాన్ హెన్రీ న్యూమన్ గారి జీవితం ఒకసారి తలచుకోండి.

1816 డిసెంబరు. లండన్‌లో పుట్టిన ఆ బాలునికి 15 ఏళ్లు. గుమ్మం ముందు బండి సిద్ధంగా ఉంది. ఆక్స్‌ఫర్డా, కేంబ్రిడ్జా? ఇంగ్లండులో పోటాపోటీగా నిలిచిన ఆ రెండు విశ్వవిద్యాలయాల మధ్య తండ్రిగారు ఇంకా తేల్చుకోలేదు. తెలిసిన ఆంగ్లికన్ గురువొకరు ఆక్స్‌ఫర్డ్‌కే మొగ్గారు. బండి అటు కదిలింది.

అంత పేరున్న చోట చేరినా, అతిగా చదివి అలసిపోయి 1820 పరీక్షలో దెబ్బతిన్నారు. అయినా కుంగిపోలేదు. 1822లో అక్కడి ఓరియల్ కళాశాలకే ఫెలోగా ఎన్నికయ్యారు. ఆంగ్లికన్ గురువుగా ఆయన ప్రసంగాలు ఎందరినో కదిలించాయి. సత్యాన్వేషణ ఆయనను 1845లో కతోలిక శ్రీసభలోకి నడిపించింది. అందుకోసం ప్రాణప్రదమైన ఆక్స్‌ఫర్డ్‌ను మరుసటి ఏడే విడిచిపెట్టారు. 1878లో, తొలుత తాను చదివిన ట్రినిటీ కళాశాలకు గౌరవ ఫెలోగా తిరిగివచ్చారు. 1879లో కార్డినల్ అయ్యారు. 1890లో ప్రభువునందు నిద్రించారు. 2019లో పునీతుల జాబితాలో చేరారు.

తల్లిదండ్రులారా, మంచి కళాశాల వెతకండి, తప్పులేదు. కోరిన సీటు రాలేదని, మార్కులు తగ్గాయని బిడ్డను చిన్నబుచ్చకండి. అంతరాత్మ మాట వినడం మాత్రం ఇంట్లోనే నేర్పండి. ఆ చదువుకు మీ ఇల్లే తొలి బడి.