శ్రామికుల వైద్యుడు బెర్నార్దీనో రామత్సీని

ఒక గ్రామమున ఎన్ని వృత్తులు కలవో లెక్కించి చూచినచో, ఆ వృత్తుల నంటియున్న బాధలు కూడ అన్నియే కలవని తెలియగలదు. ధాన్యము తూర్పారబట్టువానికి దగ్గు, మగ్గము గుంటలో కూర్చుండువానికి నడుమునొప్పి, కొలిమి యొద్ద నుండువానికి కంటిమంట మనము ఎరిగినవే. అయినను, మనిషి చేయు పనికిని, అతనికి వచ్చు రోగమునకును గల సంబంధమును శ్రద్ధతో పరిశీలించి, పెక్కు వృత్తులను వరుసగా ఒకే గ్రంథమున వివరించిన మొదటి వైద్యుడు మూడు శతాబ్దముల క్రిందట ఇటలీ దేశమున నుండెను. ఆయన పేరు బెర్నార్దీనో రామత్సీని. వృత్తి వైద్యమునకు జనకుడని లోకము ఆయనను గౌరవించుచున్నది. రైతులును, చేతిపనులవారును, చదువరులును కూడుకొను గ్రంథాలయపు రజతోత్సవ సంచికలో ఆయన చరిత్రకు చోటుండుట ఉచితమే గదా!

రామత్సీని 1633వ సంవత్సరమున ఉత్తర ఇటలీలోని కార్పి యను చిన్న పట్టణమున జన్మించెను. పార్మా విశ్వవిద్యాలయమున తత్త్వశాస్త్రమును, వైద్యమును అభ్యసించి 1659లో పట్టము పొందెను. పిమ్మట రోము ప్రాంతపు గ్రామములలో వైద్యము చేయుచుండగా చలిజ్వరము పాలై, ఆరోగ్యము చెడి, సొంత ఊరికి తిరిగి వచ్చెను. 1671లో మోదెనా నగరము చేరెను. 1682లో అచటి ప్రభువు రెండవ ఫ్రాంచెస్కో తన విశ్వవిద్యాలయమున ఆయనను వైద్యశాస్త్ర ఆచార్యునిగా నియమించెను. పదునెనిమిది సంవత్సరములు ఆయన ఆ పదవిలో నుండెను. చుట్టుపట్ల గ్రామములలో చెలరేగిన విషజ్వరములను గూర్చియు, మోదెనా బావుల నీటిని గూర్చియు గ్రంథములు వ్రాసెను.

ఆయన పేరును శాశ్వతము చేసిన కృషి ఒక చిన్న సంఘటనతో ఆరంభమయ్యెను. మోదెనా ఇరుకైన నగరము. ఇండ్లు ఎత్తైనవి, జనము మెండు. మరుగుదొడ్ల గుంటలను మూడేండ్లకొకమారు తోడి శుభ్రపరచుట అచటి ఆచారము. ఒకనాడు ఆయన ఇంటియందే ఆ పని జరుగుచుండెను. గుంటలో దిగిన పనివాడొకడు మిక్కిలి ఆత్రముతో, ఆయాసపడుచు పనిచేయుట రామత్సీని గమనించెను. అంత తొందర యేల, నెమ్మదిగా చేసినచో అలసట తగ్గును గదా యని అడిగెను. ఆ పనివాడు తల పైకెత్తి, నాలుగు గంటలకు మించి ఆ గుంటలో నున్నచో కన్నులు పోవునని, ఆ బాధ అనుభవించినవారికే తెలియునని చెప్పెను. అతడు వెలుపలికి వచ్చిన పిమ్మట వైద్యుడు అతని కన్నులను పరీక్షించెను. అవి ఎఱ్ఱబారి, చూపు మందగించి యుండెను. ఇంటికి పోయి, చీకటి గదిలో మరునాటి వరకు తలుపులు మూసికొని యుండి, గోరువెచ్చని నీటితో కన్నులు కడుగుకొనుట తప్ప వారికి వేరు చికిత్స లేదట. ఆ వృత్తిలో చూపు కోల్పోయి వీధులలో బిచ్చమెత్తువారిని కూడ ఆయన చూచెను. కుళ్లిన మలమునుండి పుట్టు హైడ్రోజన్ సల్ఫైడు అను విషవాయువు కన్నులను ఇట్లు మండించునని నేటి శాస్త్రము చెప్పుచున్నది. ఆ వాయువు పేరు నాటికి తెలియకున్నను, పనివాని మాటను నమ్మి అతని కన్నులను చూచినందున వైద్యుడు సత్యమును గ్రహించెను.

ఆనాటినుండి రామత్సీని పనివాండ్ర అంగళ్లకు, కార్ఖానాలకు పోవుచుండెను. పండితుడైన వైద్యుడు అట్టి చోట్లకు పోవుట ఆ కాలమున గౌరవహీనముగా నెంచబడెడిది. ఆయన దానిని లెక్కచేయలేదు. పనివాండ్ర మధ్య కూర్చుండి, వారు ఏ వస్తువును తాకుదురు, ఏ గాలిని పీల్చుదురు, ఎన్ని గంటలు నిలుచుందురు అని అడిగి తెలిసికొనెను. రోగి యొద్దకు వచ్చిన వైద్యుడు అడుగవలసిన ప్రశ్నలను ప్రాచీన గ్రీకు వైద్యుడు హిప్పొక్రటీసు చెప్పియుండెను. వానికి రామత్సీని మరియొక ప్రశ్నను చేర్చెను. రోగి ఏ వృత్తి చేయుచున్నాడని తప్పక అడుగవలెనని ఆయన వైద్యులకు బోధించెను.

ఈ పరిశ్రమ ఫలితముగా 1700లో శ్రామికుల రోగములను గూర్చిన లాటిన్ గ్రంథము వెలువడెను. అందు నలుబదికి పైగా వృత్తులు వర్ణింపబడినవి. కుండలకు మెరుపు పూత వేయు కుమ్మరులు సీసమును నూరుటచే మొదట వారి చేతులు వణకును, పిదప పక్షవాతము వచ్చును, పండ్లు ఊడును. బంగారు మలాము వేయువారికిని, అద్దములు చేయువారికిని పాదరసము శత్రువు. రాతిపనివారి ఊపిరితిత్తులలో రాతిధూళి పేరుకొనును. పిండిమరలవారికి, ధాన్యము జల్లించువారికి సన్నని దుమ్ముచే ఉబ్బసము కలుగును. రైతులు పేడకుప్పలను నివాసమునకు చేరువగా వేసికొనుటచే గాలి చెడునని ఆయన హెచ్చరించెను. 1713లో ప్రచురించిన రెండవ కూర్పున మరి పండ్రెండు వృత్తులను చేర్చెను. వానిలో నేతపనివారును, ఇటుకలు చేయువారును, అచ్చు అక్షరములు కూర్చువారును కలరు.

చదువరులును ఆయన దృష్టినుండి తప్పించుకొనలేదు. ఎల్లప్పుడు కూర్చుండుట, వంగి చదువుట, ఒకే చేతిని విరామము లేక కదల్చుట కూడ రోగ కారణములే యని వ్రాసెను. జీవితమంతయు వ్రాతపనిలో గడపిన లేఖకుడొకడు కుడిచేతి సత్తువ కోల్పోయి, ఎడమచేతితో వ్రాయ నేర్చుకొనగా, కొంతకాలమునకు ఆ చేతికిని అదే వ్యాధి సోకిన వృత్తాంతమును ఆయన వర్ణించెను.

ఆయన చెప్పిన జాగ్రత్తలు సులభమైనవి. ముక్కునకు, నోటికి వస్త్రము కట్టుకొనుట, గాలి వచ్చునట్లు చూచుకొనుట, పని ముగియగానే ముఖము కడిగి బట్టలు మార్చుట, నడుమ నడుమ లేచి అటునిటు తిరుగుట, మితముగా పనిచేయుట. కాని వీనిని పాటించుట పేదవాని వశమున లేదని ఆయనకు తెలియును. సీసముచే చేతులు పడిపోయిన కుమ్మరికి ఆ పని మానుమని చెప్పినచో, ఆనాటి కూడు ఎవరు పెట్టుదురు? మందుతో కొంత కోలుకొన్నవాడు మరల ఆ విషము నొద్దకే పోవలసి యుండెను.

చట్టము కూడ ఎల్లప్పుడు తోడు రాలేదు. మోదెనా రాజ్యములోని ఫినాలె యను ఊరిలో ఒక వర్తకుని రసాయన కార్ఖానానుండి వచ్చు పొగ చుట్టుపట్ల ప్రజల ఊపిరితిత్తులను చెరచుచున్నదని ఒక పౌరుడు న్యాయస్థానమునకు ఎక్కెను. వైద్యుని సాక్ష్యమును, ఊరి మరణముల పట్టికను చూపెను. అయినను తీర్పు వర్తకుని పక్షముననే వచ్చెను. రామత్సీని ఈ వ్యాజ్యమును తన గ్రంథమున నమోదు చేసెను. అందువలననే అది నేటికిని మనకు తెలియుచున్నది.

1700లోనే ఆయన పాదువా విశ్వవిద్యాలయమునకు ఆచార్యుడై వెళ్లెను. రాజుల ఆరోగ్యమును గూర్చి కూడ ఒక గ్రంథము వ్రాసెను. 1711లో ఆ ప్రాంతపు పశువులకు ముసర వ్యాధి సోకి అసంఖ్యాకముగా చచ్చుచుండగా, విద్యార్థుల యెదుట ఆ అంటురోగమును గూర్చి ప్రసంగించెను. చివరి సంవత్సరములలో ఆయన చూపు మిక్కిలి మందగించెను. పరుల కన్నుల బాధను చూచి కృషి ప్రారంభించిన ఆయనకు, తుదకు చదువుటకు ఇతరుల సాయము కావలసివచ్చెను. అయినను బోధన మానలేదు. 1714 నవంబరు 5వ తేదీన పాఠము చెప్పుటకు పోనుండగా మూర్ఛ వచ్చి, ఎనుబది యొకటవ యేట కన్నుమూసెను.

ఆయన గ్రంథము 1705 నాటికే ఆంగ్లమున అనువదింపబడి దేశదేశములకు వ్యాపించెను. ముసర వ్యాధి లోకమునుండి నిర్మూలింపబడినదని 2011లో ప్రకటింపబడెను. కాని మోదెనా గుంటలోని పనివాని కష్టము ఇంకను తీరలేదు. మన దేశమున పాకీపనిని నిషేధించుచు 2013లో చట్టము వచ్చిన పిదప కూడ, మురుగు గుంతలలో దిగి విషవాయువుచే ప్రాణములు కోల్పోయినవారు కలరు. ఆ గుంతలో మనుష్యుని దింపువారు, దిగువానిని ముందుగా అడుగవలసిన ప్రశ్నను మూడు వందల యేండ్ల క్రిందటనే ఒక వైద్యుడు తన ఇంటి ముంగిట అడిగెను. మన యింటికి పనికి వచ్చినవానిని మనమును ఆ మాట అడిగి, అతడు చెప్పునది వినుట ఆ మహనీయునికి మనము చేయదగిన స్మరణ.